కుండీలోని చెట్టు

వాక్యభాగము: యోనా 4వ అధ్యాయము



గత క్రిస్మసు పండుగకు మన ఆలయపు వసారాలో పండ్రెండు పూలకుండీలు పెట్టితిమి. కడియమునుండి మొక్కల వ్యాను వచ్చి చండ్రుగొండలో రోడ్డు ప్రక్కన ఆగినదని తెలిసి, మన యౌవనస్థులు పరుగెత్తి పోయి బేరమాడి తెచ్చిరి. నాలుగు క్రోటన్లు, రెండు గులాబీలు, రెండు నూరువరహాలు, ఒక ముద్దమందారము, ఒక బోగన్‌విల్లా, మిగిలిన రెండును పాయిన్‌సెట్టియాలు. ఎర్రని ఆకులతో నుండి, క్రిస్మసు మొక్క అని మనవారు పిలుచునది ఇదియే. పదుమూడవ కుండీని, అందులోని క్రోటనుతో సహా, ఆ నెలలోనే బాప్తిస్మము పొందిన ఒక కుటుంబమునకు బహుమానముగా ఇచ్చితిమి. దాని సంగతి తరువాత చెప్పెదము.

పండుగనాడు వసారా ఎంత ముచ్చటగా నుండెనో మీరందరు చూచితిరి. ఫోటోలు తీసికొంటిరి. ఈస్టరునాడు తెల్లవారకముందే ఆరాధనకు వచ్చినప్పుడు అదే వసారాలో ఏమి కనబడెను? తొమ్మిది ఎండుపుల్లలు. బోగన్‌విల్లా బ్రతికియుండెను, అది మొండిది. నూరువరహాలలో ఒకటి సగము బ్రతికియుండెను. తోటలోని సమాధినుండి ప్రభువు లేచిన సంగతిని పాడుకొనుచు, ఎండిన మన తోట ప్రక్కగా నడిచి లోపలికి పోతిమి. అప్పుడెవరును దానిగూర్చి మాటలాడలేదు. ఆరాధన ముగిసిన తరువాత అడిగితే, ఎవరో నీళ్ళు పోయుచున్నారనుకొంటిమని అందరును చెప్పిరి. మేమును అదే అనుకొంటిమి.

లెక్క సరిపోలేదని గమనించినవారు గమనించియుందురు. పండ్రెండింటిలో పదునొకటియే చెప్పితిమి. పండ్రెండవదానిని మన సంఘములోని ఒక వృద్ధురాలు జనవరి నెలలోనే తన యింటికి మోసికొని పోయెను. అది పాయిన్‌సెట్టియాలలో ఒకటి. పండుగ అయిన కొన్ని వారములకు దాని ఎర్రని ఆకులన్నియు రాలిపోగా, చచ్చినదనుకొని ఎవరో దానిని గోడవెనుకకు నెట్టివేసిరి. ఆమె దానిని చంకనెత్తుకొని పోవుచుండగా మేము చూచి, ఎండిన మొక్క ఎందుకమ్మా అని అడిగితిమి.

"సచ్చిపోలేదయ్యగారూ, ఆకు రాల్చింది, అంతే" అనెను. ఆ తరువాత ఆమె చెప్పిన మాటయే ఈ నెల మనము ధ్యానింపవలసినది. "అడివిలో చెట్టుకు ఎవరు పోస్తారు నీళ్ళు? దాని ఏళ్ళు పోయినంత దూరం పోయి అదే తెచ్చుకుంటది. కుండీలో పెట్టినాక దానికి దోవ ఏది? మనమే మూసేస్తిమి గదా. ఇంక మనమే పొయ్యాల."

మనము అడవి అంచున కాపురమున్నవారము. కనకగిరి గుట్టలవైపు తలయెత్తి చూచినయెడల ఈ మాట ఎంత నిజమో తెలియును. ఫిబ్రవరిలో ఆకులేని మోదుగచెట్టు నిప్పు అంటుకొన్నట్లు పూయును. ఎండ ముదిరిన కొలదిని ఇప్పచెట్టు పూలు రాల్చును. మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకిన దినములలో కూడ తునికి, మద్ది, టేకు నిలిచియే యుండును. వాటికి బొక్కెన మోసినవాడెవడును లేడు. ఆకు రాల్చి నీటి ఖర్చు తగ్గించుకొనును, వ్రేరు లోతుకు దింపును, వాన కొరకు కనిపెట్టును. కాని ఆ ఎండలోనే ఒక జానెడు కుండీలోని గులాబీకి మూడు దినములు నీరు తప్పినయెడల అది చచ్చును. గులాబీ బలహీనమైనదని కాదు. దాని వ్రేరు ఎటు పోయినను గోడయే తగులును. ఆ గోడను కట్టినది మనము.

ఇట్టి సంగతులు దేవుని పత్రికలో వ్రాయదగినవా అని కొందరు అడుగవచ్చును. సంఘకూటములో ఒక పెద్ద అడుగనే అడిగెను: వేసవిలో బోరు ఎండి మన ఆడువారు బిందెలు పట్టుకొని నిలుచుండగా పూలమొక్కలకు నీళ్ళేమిటి? ఆ ప్రశ్నలో న్యాయమున్నది. త్రాగు నీరు పూలకు పోయవలెనని మేము చెప్పము. బియ్యము కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు ఒక యింటిలో దినమునకు ఎంత పారబోయుదుమో ఒక వారము కొలిచి చూడుడి. నాలుగైదు కుండీలకు అది చాలును. సబ్బు నీరు మాత్రము వలదు.

అయితే ఆయన ప్రశ్నకు అడుగున మరియొక ప్రశ్న దాగియున్నది. తినుటకు పనికిరాని చెట్టును పెంచుట వ్యర్థము కాదా అనునది. దీనికి ఆదికాండము రెండవ అధ్యాయము చదువుకొనుడి. ఏదెనులో దేవుడు మొలిపించిన చెట్లనుగూర్చి చెప్పునప్పుడు, అవి కంటికి ఇంపైనవని మొదట చెప్పబడినది, తినుటకు మంచివని ఆ తరువాతనే. ఆకలి పుట్టకముందే చూపు పుట్టినదన్నట్లు ఆ వరుస యున్నది. మన ప్రభువు కూడ అడవి పువ్వులను చూపించి సొలొమోను పట్టుబట్టలకంటె వాటికే ఎక్కువ వెల కట్టెను. పూరింటి ముందు పగిలిన బిందెలో బంతి నారు పోసికొన్న పేదరాలిని చూచి, ఇది దుబారా అని ఆయన అనునా? మేమట్లు అనుకొనము.

ఇక యోనా యొద్దకు వత్తము.

నీనెవె పట్టణము మారుమనస్సు పొందెను, దేవుడు దానిని నాశనము చేయక మానెను. అందుకు యోనా కోపగించి, ఊరి బయట తూర్పున ఒక పాక వేసికొని, ఏమి జరుగునో చూతమని కూర్చుండెను. దేవుడు అతనికి నీడగా ఒక చెట్టును మొలిపించెను. మన తెలుగు బైబిలులో అది సొరచెట్టు. హెబ్రీ భాషలో కీకాయోన్ అను మాట యున్నది. అది ఆముదపు చెట్టని పలువురు పండితుల అభిప్రాయము. వెడల్పు ఆకు, త్వరగా ఎదుగు స్వభావము చూచినయెడల మన చేలగట్లమీది ఆముదము ఆ వర్ణనకు సరిగా సరిపోవును. ఈ చెట్టు పేరు విషయమై 5వ శతాబ్దపు ఆరంభములో ఉత్తర ఆఫ్రికాలోని ఒక సంఘములో పెద్ద గలభా జరిగెను. జెరోము అను పండితుడు తన కొత్త లాటిను తర్జుమాలో, అంతవరకు సొర అని చదువుకొనుచున్న చోట వేరొక తీగె పేరు వ్రాసెను. అది విని సభవారు బిషప్పుమీద తిరుగబడినంత పని చేసిరని అగస్టీను జెరోముకే ఉత్తరము వ్రాసెను. చెట్టు పేరుకొరకు అంత కలహము! ఆ చెట్టుద్వారా దేవుడు అడిగిన ప్రశ్నకు ఆ దినమున ఎవరైన జవాబు చెప్పుకొనిరో లేదో.

మరునాడు తెల్లవారునప్పుడు ఒక పురుగు చెట్టును తొలిచెను. ఎండయు వేడిగాలియు యోనా తలకు తగిలెను. తనకు చావే మేలనుకొనెను. అప్పుడు దేవుడతనితో మాటలాడిన తాత్పర్యమిది: ఈ చెట్టుకొరకు నీ చెమట చుక్కయైన రాలలేదు, నీవు నాటలేదు, పెంచలేదు. ఒక్క రాత్రిలో వచ్చి ఒక్క రాత్రిలో పోయినదానికొరకు నీకింత బాధ కలిగినదే. కుడియెడమలెరుగని లక్షా ఇరువదివేలకు మించిన మనుష్యులును బహు పశువులును ఉన్న ఈ మహాపట్టణముకొరకు నాకు బాధ యుండకూడదా?

ఈ భాగమునుబట్టి బోధించువారు సాధారణముగా ఒక మాట చెప్పుదురు. యోనా మనుష్యులకంటె మొక్కను ఎక్కువ ప్రేమించెను, మనమట్లుండకూడదు అని. ఆ మాట తప్పని మేమనము గాని, అది సగమే. మరల చదువుడి. చెట్టుకొరకు బాధపడినందుకు దేవుడతనిని గద్దింపలేదు. ఆ కొంచెము బాధనే చేతితో పట్టుకొని, యోనాను దానివెంట పెద్ద బాధయొద్దకు నడిపింప జూచెను. పైగా యోనా నిజముగా చెట్టును ప్రేమించెనా? దానికి ఒక చెంబెడు నీళ్ళు పోసినట్లు లేదు, పురుగు పట్టినదేమోనని ఆకు తిరుగవేసి చూచినట్లు లేదు. దాని నీడను ప్రేమించెను. నీడ పోయినప్పుడు ఏడ్చెను. దేవుడు తప్పుపట్టిన స్థలము ఇదియే: నీవు దానికొరకు ఏమియు చేయలేదు అని. చేతితో చేసినవాని బాధ వేరు, అనుభవించి పోగొట్టుకొన్నవాని బాధ వేరు.

మన వసారాలోని పండ్రెండు కుండీలకు మనము యోనాలమే. అందము పండుగకు కావలసెను. పండుగ తీరినది.

ఇప్పుడు, అవి ఎందుకు చచ్చెనో మొక్కలు పెంచుటలో చేయి తిరిగిన మన సంఘస్థులను అడిగి తెలిసికొన్నంతవరకు వ్రాసెదము. ఇండ్లలో పెంచుకొనువారికిది పనికివచ్చును.

మొదటిది, అవి వచ్చిన చోటు. కడియము, కడియపులంక తూర్పు గోదావరిలో గోదావరి కాలువల నీటితో బ్రతుకు నేల. ధవళేశ్వరమువద్ద కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత ఆ డెల్టా అంతయు పచ్చబడినది. ఆ తడినేలలో, నీడవలల క్రింద, దినదినము నీరు చల్లించుకొని పెరిగిన మొక్కను మనము వ్యాను దించగానే గచ్చుమీద ఎండలో పెట్టితిమి. కొత్త మొక్కను వారము పది దినములు చెట్టునీడను ఉంచి, కొంచెము కొంచెముగా ఎండకు అలవాటు చేయవలెను. అక్కడినుండి వచ్చు మొక్కల వ్రేళ్ళచుట్టు తరచుగా జిగటమట్టి ముద్ద యుండును. అది ఒకసారి పూర్తిగా ఎండినదా, ఇటుకవలె బిగిసిపోవును. ఆ తరువాత పైన పోసిన నీరు ప్రక్కలనుండి జారి క్రిందికి పోవునే గాని లోపలి వ్రేరుకు చేరదు. మొక్కయేమో దాహముతో చచ్చును, పోసినవాడేమో నేను పోయుచునే యుంటినని చెప్పును. ఇట్టివాటిని కుండీతో సహా బొక్కెడు నీటిలో బుడగలు వచ్చుట ఆగువరకు ముంచి తీయవలెను. కొత్త కుండీలో నాటునప్పుడు పాలిథీను సంచి తీసివేసి, ఎర్రమట్టి, బాగుగా చివికిన పశువుల ఎరువు, కొంచెము ఇసుక కలిపి, గుప్పెడు వేపపిండి వేయుట మేలు. పచ్చి పేడ వేయకూడదు, వ్రేరు మాడును.

రెండవది, ఎక్కువ నీరు. ఇది వినువారు ఆశ్చర్యపడుదురు. మన క్రోటన్లలో రెండు దాహముతో చావలేదు. జనవరి మాసమంతయు, వచ్చిన ప్రతివాడును భక్తితో ఒక చెంబు పోసెను. కుండీ అడుగున చిల్లు మట్టితో పూడియుండెను. వ్రేరునకు నీరెంత కావలెనో గాలియు అంతే కావలెను. నిలిచిన నీటిలో వ్రేరు ఊపిరాడక కుళ్ళును. కుళ్ళినప్పుడు ఆకు వాడును. వాడిన ఆకును చూచి మరి రెండు చెంబులు పోయుదుము! పోయుటకుముందు వ్రేలు రెండు కణుపులవరకు మట్టిలో పెట్టి చూడవలెను. తడి తగిలినయెడల ఆనాటికి వద్దు. అడుగక చేయు దయ ఒకటి కలదు. అది ఇచ్చువానిని తృప్తిపరచి, పుచ్చుకొనువానిని చంపును. దీనినిగూర్చి మరియొక నెలలో వ్రాయదలచితిమి.

మిగిలినవి క్లుప్తముగా. క్రోటనుకు వెలుతురు తగ్గినయెడల రంగులు మాసి పచ్చగానే మిగులును. మందారమునకు పిండినల్లి పట్టినప్పుడు ఆ కొమ్మను కత్తిరించి, మిగిలినదానిమీద సబ్బునీటిలో కొద్ది వేపనూనె కలిపి చల్లవలెను. కుండీ క్రింది పళ్ళెములలో వానాకాలమున నీరు నిలువనీయకుడి. డెంగ్యూ దోమకు ఆ కొంచెము నీరు చాలును, మన ప్రాంతములో జ్వరములు ఎట్లుండునో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. గన్నేరు అందమైనదే గాని ఆకు మొదలు వ్రేరు వరకు విషము. పిల్లలును మేకలును తిరుగు చోట దానిని పెట్టకుడి.

పాయిన్‌సెట్టియానుగూర్చి కొంచెము ఎక్కువ చెప్పవలెను. ఇది మెక్సికో దేశపు మొక్క. మనము పువ్వనుకొను ఆ ఎరుపు పువ్వు కాదు, ఆకులే. నడుమనున్న చిన్న పసుపు మొగ్గలే దాని పూలు. రాత్రులు పొడుగైన కొలదిని పైయాకులు ఎర్రబారును. రాత్రియంతయు దీపము వెలుగు చోట నుంచినయెడల ఎర్రబారదు. కాబట్టి వసారాలో ట్యూబులైటు క్రింద పెట్టి, ఎర్రబడలేదేమని దానిని నిందించుట అన్యాయము. పండుగ తరువాత ఆకు రాల్చి నిద్రించును. అప్పుడు నీరు తగ్గించి, ఎండలు ముదురునప్పటికి కొమ్మలను జానెడు పొడవుకు కత్తిరించి, వానలు పడగానే మట్టి మార్చినయెడల తిరిగి చిగుర్చును. దాని పాలు చర్మమునకు తగులకుండ చూచుకొనవలెను. ఆ వృద్ధురాలు ఈ విషయములు ఏ పుస్తకములోను చదువలేదు. ఆకు రాలిన కొమ్మను గోటితో గీరి, లోపల పచ్చ కనబడగా, చావలేదని గ్రహించెను. ఇప్పుడు వానలు పడినవి గనుక జానెడేసి కొమ్మలకు చిగుళ్ళు వచ్చినవి. డిసెంబరులో ఎర్రబారునో లేదో ఆమెకును తెలియదు, మాకును తెలియదు.

మొక్కలయందు ప్రీతిగల దైవసేవకుని చరిత్ర కావలెనన్న, విలియం కేరీగారిని జ్ఞాపకము చేసికొందము. చెప్పులు కుట్టు వృత్తినుండి వచ్చి, 1793లో మన దేశమునకు చేరి, సేరంపూరులో తర్జుమా పని చేసిన ఆయనే. మన తెలుగువారికి ఆయన ఋణము చిన్నది కాదు: 1814లో తెలుగు వ్యాకరణము ప్రచురించెను, సేరంపూరు అచ్చుశాలనుండి 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. ఆయన తన యింటియొద్ద ఒక గొప్ప తోట పెంచెను. మన సామర్లకోటలో చాలకాలము పనిచేసి, మొక్కల తెలుగు పేర్లను సహా వ్రాసిపెట్టిన రాక్స్‌బర్గ్ దొర చనిపోయిన తరువాత, ఆయన వ్రాసిన వృక్షశాస్త్ర గ్రంథమును అచ్చు వేయించినది కేరీగారే. 1820లో కలకత్తాలో వ్యవసాయ ఉద్యానవన సంఘమును స్థాపించెను. ఇంగ్లండునుండి వచ్చిన విత్తనముల సంచిని ఒకసారి నీడగల ఒక మూల దులుపగా, కొన్ని దినములకు అక్కడ ఆయన స్వదేశపు చిన్న డైసీ పువ్వు మొలిచెను. ఎన్నడును తిరిగి చూడనని అనుకొన్న పువ్వును చూచి ఆయన పొందిన సంతోషము ఇంతంత కాదు. అయితే మాకు ముఖ్యముగా తోచునది ఆ తరువాతి సంగతి. స్వదేశములో ఏండ్ల తరబడి బ్రతుకు ఆ మొక్క మన వాతావరణములో ఒక్క ఏడాదికంటె నిలువదు. కాబట్టి ఆయన ప్రతి సంవత్సరము దాని విత్తనము దాచి, మరల నాటుచు వచ్చెను. 1823లో వరద వచ్చి తోటను పాడుచేసినప్పుడు ఆయనకు అరువదిరెండేండ్లు. తిరిగి మొదలుపెట్టెను. 1834లో మరణశయ్యమీద కూడ, తాను పోయిన తరువాత తోటలోనికి ఆవులను తోలుదురేమోయని దిగులుపడెనని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. బైబిలును అన్ని భాషలలోనికి మార్చిన మనిషికి చివరికాలమున ఆవుల దిగులేమిటని నవ్వవచ్చును. మాకు నవ్వు రాలేదు.

అందమును చూచి తెచ్చి విడిచిపెట్టుటవలన కలుగు కీడు ఎంతవరకు పోవునో మన అడవియే సాక్ష్యము. లాంటానా పొదలను, వాటి రంగురంగుల పూలను మీరెరుగుదురు. అది అమెరికా ఖండపు మొక్క. 19వ శతాబ్దపు ఆరంభమున అలంకారముకొరకు కలకత్తా తోటకు తేబడినది. తోటలు దాటి పిట్టల నోట దేశపు అడవులన్నిట వ్యాపించి, పశువులకు మేత కాకపోగా ఇతర మొక్కలను ఎదుగనీయకున్నది. చెరువులను కప్పు గుర్రపుడెక్క కూడ దాని ఊదాపూల అందముచేతనే దక్షిణ అమెరికానుండి దేశదేశములకు కొనిపోబడినది. తెచ్చినవారు చెడ్డవారు కారు. తరువాత ఏమగునో చూచుకొనలేదు.

ప్రియులారా, ఇంతవరకు కుండీలనుగూర్చి వ్రాసితిమి. మనుష్యులలో కూడ కుండీలోనివారు కలరు. తమ నేలలో నున్నప్పుడు ఎవరును పోయకపోయినను బ్రతికినవారే. మనము తీసికొనివచ్చి గోడ కట్టితిమి. ఊరిలో ఇరుగుపొరుగుతో మాటలాడుచు పచ్చగా నున్న తల్లిని, ఒంటరిగా ఉండవద్దమ్మా అని పట్నములోని మూడవ అంతస్తుకు తీసికొనిపోయిన కుమారులు మన సంఘములోనే ఉన్నారు. ఆమెకు అన్నము తక్కువ లేదు. మాటలాడుటకు తలుపు తెరిచి కూర్చుండు అరుగు లేదు. అట్లే హాస్టలులో చేర్చిన పిల్లలు. వారినిగూర్చి తలిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదనుకొందుము.

కాని ఈ సంగతి వ్రాయుటకు మమ్మును పురికొల్పినది పదుమూడవ కుండీ.

ఆ కుటుంబము అడవివైపు గూడెములో కాపురముండును. భర్త, భార్య, ఇద్దరు బిడ్డలు. డిసెంబరులో బాప్తిస్మము పొందిరి. మనమందరము పాటలు పాడితిమి, దండలు వేసితిమి, క్రోటను మొక్క ఇచ్చితిమి. ఆ దినమునుండి వారు తమ కులపు పండుగలలో వెనుకటివలె కలియలేకపోయిరి. అది వారి మనస్సాక్షి. వారి బంధువులను మేము నిందింపము. వారికి కలిగిన నొప్పి వారిది. బదులు పనికి పిలుచుకొనుట తగ్గెను, సాయంకాలము కూర్చుండి మాటలాడుట తగ్గెను. వెనుక ఆ వ్రేళ్ళు ఎంత దూరము పోయి ఎంత మంది యిండ్లలోనుండి నీరు తెచ్చుకొనుచుండెనో అప్పుడెవరు ఆలోచించిరి? ఫిబ్రవరిలో ఆ భర్తకు జ్వరము వచ్చి పండ్రెండు దినములు మంచము పట్టెను. గుడివారు చూచుకొందురని బంధువులనుకొనిరి. బంధువులు చూచుకొందురని గుడివారమనుకొంటిమి. ఆమె ఒక్కతెయే అతనిని ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోయి, ఆటో డబ్బుకు ఒక మేకపిల్లను అమ్మినదట. ఈ సంగతి మాకు తెలిసినది మే నెలలో. అప్పటికి వారు ఆరాధనకు వచ్చుట మానిరి. వారు చల్లారిపోయిరని మనవారిలో కొందరనిరి. మేమును ఒకసారి అంటిమి.

లూకా సువార్త పదుమూడవ అధ్యాయములోని అంజూరపు చెట్టును జ్ఞాపకము చేసికొనుడి. మూడేండ్లు కాయలేదని యజమానుడు నరికివేయుమనెను. తోటమాలి ఒక్క ఏడు గడువు అడిగెను. గడువు అడుగుట ఎవరికైన సులువే. అతడు దానితోపాటు తన పనిని పూటపెట్టెను: చుట్టు త్రవ్వెదను, ఎరువు వేసెదను అనెను. చెట్టు చల్లారిపోయినదని అతడనలేదు. గునపము తన చేతిలోనిది గనుక ముందుగా తనను తాను అడుగుకొనెను కాబోలు. మగ్దలేనే మరియ లేచిన ప్రభువును చూచి తోటమాలి అనుకొన్నది. అది పొరపాటేనని మనము అనుకొందుము. ఏమో, ఆయన ఆ పేరును కాదని త్రోసివేసినట్లు యోహాను వ్రాయలేదు.

గత నెలలో ఒక గురువారము సాయంకాలము మేము నలుగురము ఆ గూడెమునకు పోతిమి. చేతిలో ఏమియు తీసికొనిపోలేదు. ఇంకొక మొక్క ఇచ్చి రావచ్చునా అని ఒకరనగా, వద్దని ఆ వృద్ధురాలే వారించెను. ఆమెయు మాతో వచ్చినది. భర్త చేనిలో నుండెను. భార్య మంచము వాల్చి కూర్చుండబెట్టి నీళ్ళిచ్చెను. ముంగిట మేమిచ్చిన కుండీ కనబడెను. క్రోటను ఎప్పుడో పోయినది. చిల్లును బంకమట్టితో పూడ్చి, కోళ్ళకు నీళ్ళు పోసిపెట్టినది. చూచి మేము మాటలాడలేకపోతిమి. ఆమెకు అందులో దాచవలసినదేమియు కనబడలేదు. మంచి కుండీ అయ్యగారూ, పగల్లేదు అనెను.

చీకటి పడువరకు కూర్చుంటిమి. జ్వరము సంగతి, మేకపిల్ల సంగతి ఆమెయే చెప్పెను. తప్పు మాది అని చెప్పితిమి. ఆమె అవుననలేదు, కాదనలేదు. ప్రార్థన చేసికొందమా అనగా తలకు కొంగు కప్పుకొనెను. వృద్ధురాలు బిడ్డలకు తల దువ్వుచు ఏదో కథ చెప్పుచుండెను. లేచి వచ్చునప్పుడు దడివరకు వచ్చి ఆమె ఒక్కటే అడిగెను.

"మళ్ళా ఎప్పుడొస్తరు?"

వచ్చే గురువారమని చెప్పితిమి. ఆ గురువారము పోతిమి, ఆ తరువాతి గురువారమును పోతిమి. ఈ నెల నాలుగు గురువారములకు ఎవరెవరు పోవలెనో పేర్లు వ్రాసి ఆలయపు తలుపునకు అంటించితిమి. వసారాలోని కుండీలకు నీరు పోయువారి పేర్లు దాని క్రిందనే కలవు. రెండు పట్టీలలోను మూడవ వారము ఇంకను ఖాళీగా నున్నది.